వంట చేయకూడని వంటగది

మా ఆయనకి ఇల్లు అమ్మాలనే కోరిక ఆ ఎండాకాలం మొదట్లో పుట్టింది. సొంతంగా పుట్టలేదు లెండి. ఆయనకి సొంతంగా పుట్టేది ఆకలి ఒక్కటే. బీమా ఆఫీసులో పక్క సీటు గుమాస్తా ఊరి చివర ఎత్తైన బిల్డింగులో ఫ్లాటు కొన్నాడు. ఆ లిఫ్టులో నిలువుటద్దం ఉంది. మా ఆయన గృహప్రవేశానికి వెళ్ళి ఆ అద్దంలో తన్ను తాను చూసుకుని వచ్చాడు. అంతే, ఆ రోజునుంచి మా ఇల్లు ఆయన కంటికి ఆనడం మానేసింది.

"మనమూ అక్కడే ఒకటి తీసుకుందాం. ఈ ఇల్లు అమ్మేస్తే సరిపోతుంది," అన్నాడు ఒక పొద్దున్న. నేనప్పుడు అన్నం గుండిగ దింపుతున్నాను. సాయం పట్టాలన్న ఆలోచన ఆయనకి రాలేదు.

"ఇల్లు అత్తయ్య పేరు మీద కదా ఉంది," అన్నాను.

"అమ్మదేముంది! ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది సంతకం."

"మరి నా క్యారేజీలు?"

"ఏ క్యారేజీలు?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

నేను మధ్యాహ్నం భోజనాలు వండి కట్టి ఇస్తాను. మా వెనక గేటు తీసుకుని సందులోకి వెళ్తే ప్రింటింగ్ ప్రెస్సు, దాని పక్కన రక్తపరీక్షల ల్యాబు, ఆ పక్కన టైర్ల షాపు. వాళ్ళంతా బాక్సులు పట్టుకుని మా వెనక గేటు దగ్గరికొస్తారు. వేడివేడిగా పెట్టి ఇస్తాను, పట్టుకెళ్తారు. నా పెళ్ళిలో నాతో వచ్చినవేవీ ఇవాళ నా దగ్గర లేవు. ఈ పని మాత్రం నేను సంపాదించుకున్నది. ఊరి చివర ఆ మేడ మీదికి లిఫ్టెక్కి అన్నం కోసం ఎవడొస్తాడు? ఇల్లు పోతే నా పని పోతుంది. ఆ సంగతి ఆయనకి చెప్పాను. "టైంపాస్‌కి ఇంకేదైనా చూసుకుందువులే," అన్నాడు మహానుభావుడు.

ఆ తర్వాత ఫోనులో వీడియోలు మొదలయ్యాయి. తక్కువ ఖర్చుతో వంటగది మార్చుకోండి, ఇంటి ధర పెంచుకోండి. ఒకమ్మాయి తెల్లటి బట్టలు వేసుకుని, గోళ్ళకి రంగు పూసుకుని, పొయ్యి పక్కన నిలబడి నవ్వుతూ చెప్పేది. ఆ బట్టల మీద ఒక్క చుక్క నూనె పడగా నేను చూడలేదు. మా ఆయన ఆ పిల్ల మాట వేదంలా వినేవాడు. అంత శ్రద్ధగా ఆయన ఎవరి మాటా విన్నది లేదు, డాక్టరు మాట కూడా.

"కొనేవాళ్ళు ముందు చూసేది వంటగదేనట," అని భోజనాల దగ్గర ప్రకటించాడు. "వంటగది బాగుంటే ఇంటి వాల్యూ అమాంతం పెరుగుతుందట."

అత్తయ్య తలెత్తింది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ విని విని, తను మాట్లాడ్డం బాగా తగ్గించేసింది.

"ఎవరు చేస్తార్రా ఆ పనంతా?" అంది.

"నేనే. పనివాళ్ళని పెడితే ఇంక తక్కువ ఖర్చెలా అవుతుంది?"

అత్తయ్య నా వైపు చూసింది. నేను పళ్ళెం వైపు చూసుకున్నాను.

అలా మా వంటగదికి గ్రహచారం పట్టింది. ముందు గోడలు. టైల్స్‌ బొమ్మ అచ్చేసిన స్టిక్కర్లు చుట్టలు చుట్టలుగా తెచ్చాడు. పొయ్యి వెనక గోడ మీద ఏళ్ళ తరబడి పట్టిన నూనె ఉంది.

"కడిగి అంటించండి," అన్నాను.

"వీడియోలో కడగలేదు," అన్నాడు.

"ఆ వీడియోలో గోడ ముందు ఎవరూ ఎప్పుడూ వండి ఉండరండీ."

వినలేదు. అంటించాడు. సాయంత్రానికి పై అంచులు వంకర తిరిగి కిందికి చూస్తున్నాయి. వాటిని బల్ల ఎక్కి అరచేత్తో నొక్కుతూ నిలబడ్డాడు చాలాసేపు, ఎవరో పట్టుకోమని అప్పగించినట్టు. మర్నాడు అంచులకి జిగురు పూశాడు. జిగురు మీద చీమలు పట్టాయి.

తర్వాత అలమరాల తలుపులు. వాటికి బూడిదరంగు వేశాడు. బూడిదరంగంటే ఒప్పుకోడు, మబ్బు రంగనాలి. తలుపులు ఊడదీసి, వేరుగా పెట్టి వెయ్యాలని ఎవడికైనా తెలుస్తుంది. ఈయన మూసి ఉన్నవాటికి మూసినట్టే, సందుల్లోకి కూడా కారేలా దట్టంగా పూసి, చేతులు కడుక్కుని పడుకున్నాడు. పొద్దున్నే ఉప్పు కోసం లాగితే తలుపు రాలేదు. పక్కదీ రాలేదు. ఏదీ రాలేదు. ఉప్పు, పంచదార, టీపొడి, మొత్తం సంసారం లోపల బందీ అయిపోయింది. అట్లకాడ సందులో దూర్చి ఒక్కొక్కటే పెకలించాడు. పెకలించిన చోటల్లా పెచ్చులూడాయి.

"టచప్ ఇస్తే కనబడదు," అన్నాడు.

"ఇవాళ టీ ఉందా లేదా?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

నా గిన్నెలు తోముకునే లోతైన సిమెంటు తొట్టి పగలగొట్టించాడు. ఆ స్థానంలో మెరిసే గిన్నెలాంటి సింకు పెట్టాడు. అందులో రెండు టీ కప్పులు కడగవచ్చు, జాగ్రత్తగా ఉంటే మూడు. సొరుగులకి పొడవాటి బంగారు రంగు పిడులు బిగించాడు. మూల దగ్గర రెండు సొరుగులుంటాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. ఒకదాని పిడి రెండోదానికి అడ్డం తగిలి, రెండోది అసలు తెరుచుకోవడం మానేసింది. చెంచాలన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇది తెరవడం ఎలా?" అని అడిగాను.

"ఎవరూ అన్నీ తెరిచి చూడరు," అన్నాడు.

అదీ ఆయన తెలివి. వాడుకోడానికి ఒక వంటగది, చూడ్డానికి ఒక వంటగది ఉంటాయనీ, చూడ్డానికి ఉండేదే విలువైనదనీ ఆయనకి గట్టి నమ్మకం. మూసేసిన హోటలు సామాను అమ్ముతుంటే వెళ్ళి ఒక ఎత్తైన గుండ్రటి స్టూలు తెచ్చాడు. అరల కింద సన్నటి లైట్ల తీగ వేశాడు. చివర్లో గాజు గిన్నెలో నిమ్మకాయలు పెట్టాడు, ప్లాస్టిక్‌వి. అసలువైతే ఎండిపోతాయట.

అంతా అయ్యాక నా పెద్ద ఇనప పొయ్యి తీసి వెనకాల పడేసి, నల్లటి గాజు పలక ఉన్న చిన్న పొయ్యి పెట్టాడు. గుమ్మంలో నిలబడి, నడుం మీద చేతులు వేసుకుని, ఒకసారి అంతా కలియజూశాడు.

"ఇవాల్టినుంచి ఇక్కడ పొయ్యి వెలిగించొద్దు," అన్నాడు.

"మరి వంట?"

"కొనేవాళ్ళు వచ్చి చూసేదాకా. ఆవిరి తగిలితే స్టిక్కర్లు లేచిపోతాయి. వెనక రేకుల కింద జాగా ఉంది కదా, అక్కడ చేసుకో."

వెనక రేకుల కింద బట్టలుతికే బండ ఉంది, ఒక కుళాయి ఉంది. ఆ ఎండల్లో రేకుల కింద నిలబడితే వంట చెయ్యక్కర్లేదు, మనమే ఉడుకుతాం. గాలొస్తే మంట ఆరిపోయేది. అట్టపెట్టెలు విప్పి అడ్డం పెట్టుకున్నాను. కూరలు తరగడానికి బండ, కడగడానికి బకెట్టు. తుడుచుకుందామంటే కొంగు కూడా తడిసి ఉండేది. ఇంట్లో మాత్రం ప్లాస్టిక్ నిమ్మకాయలు చల్లగా ఫ్యాను కింద ఉన్నాయి.

వంట ఆలస్యమవడం మొదలైంది. ప్రెస్సు ఫోర్‌మన్ గేటు దగ్గర గడియారం చూసుకునేవాడు కానీ ఏమీ అనేవాడు కాదు. ల్యాబులో చేసే ఆవిడ మాత్రం అడిగింది.

"ఇల్లు కడుతున్నారా అక్కా?"

"లేదమ్మా, అందంగా చేస్తున్నారు."

"అందంగా చేస్తే మీరు బయటున్నారేంటి?"

ఆవిడ బాక్సు నింపి చేతికిచ్చాను. కొంతమంది రావడం మానేశారు. వాళ్ళని తప్పు పట్టను. అన్నం కోసం ఎండలో నిలబడమంటే నేనూ నిలబడను.

ఒక మధ్యాహ్నం మా ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. కిటికీలోంచి గేటు దగ్గర లైను చూశాడు. వాళ్ళంతా వెళ్ళేదాకా ఆగి వెనక రేకుల కిందికి వచ్చాడు.

"బ్రోకరు చెప్పాడు, ఇలా జనం కనిపిస్తే మెస్సు అనుకుంటారట. వాల్యూ పడిపోతుందట. ఈ ఎండాకాలం ఆపెయ్."

"ఎండాకాలం వాళ్ళకి ఆకలి వెయ్యదా?"

"ఫ్లాటుకి వెళ్ళాక ఎలాగూ మానేసేదే కదా. ఓ నెల ముందు మానేస్తే ఏం పోయింది?"

ఎంత తేలిగ్గా అన్నాడో! ఆయన చొక్కా మీద మబ్బు రంగు మరక ఉంది. నుదుటి మీద చెమట కూడా లేదు. గరిటె చేతిలో పట్టుకుని నేను ఆయన్ని ఎగాదిగా చూశాను. కోపం వచ్చిందని చెబితే తక్కువ చెప్పినట్టే. ఆయనంటే నాకు అసహ్యం వేసింది. నా పదేళ్ళ పనిని ఈ మనిషి గోడ మీద పాత మరకలా చూస్తున్నాడు, ఒక స్టిక్కరుతో కప్పేస్తే పోతుందనుకుంటున్నాడు.

"ఆపను," అన్నాను.

"నీ ఇష్టం. ఎలాగూ ఆగిపోతుంది," అని లోపలికి వెళ్ళాడు.

కొనేవాళ్ళు ఒక ఆదివారం వచ్చారు. పళ్ళ డాక్టరు, ఆయన భార్య. వాళ్ళ ముందు బ్రోకరు, బ్రోకరు ముందు అతని సెంటు వాసన. అతను నన్ను పక్కకి పిలిచి పాఠం చెప్పాడు.

"మేడమ్, మీరు వంటగదిలో అలా నవ్వుతూ నిలబడండి చాలు. అడిగితే చాలా కన్వీనియెంటుగా ఉంటుందనండి."

నిలబడ్డాను. నవ్వలేదు. అత్తయ్య అప్పటికే ఆ గుండ్రటి స్టూలెక్కి కూర్చుని ఉంది. కొన్నాళ్ళుగా పగలంతా ఆవిడ అక్కడే కూర్చుంటోంది. పేపరు అక్కడే చదువుతుంది, కునుకు కూడా అక్కడే తీస్తుంది. పడిపోతుందేమోనని నాకు భయం.

పళ్ళ డాక్టరు అలమరా తలుపుల్ని వేలితో టకటకమని కొట్టి చూశాడు, అలవాటు కొద్దీ కాబోలు. ఆయన భార్య నిమ్మకాయని చేత్తో పట్టుకుని, బరువు లేకపోయేసరికి మళ్ళీ గిన్నెలో పెట్టేసి, ఏమీ చూడనట్టు నా వైపు తిరిగింది.

"వంటకి బాగా వీలుగా ఉంటుందాండీ?"

మా ఆయన డాక్టరు భుజం మీంచి నాకు కళ్ళతో సైగ చేశాడు.

"నేనిక్కడ వండనండీ," అన్నాను. "వెనక రేకుల కింద వండుతాను."

బ్రోకరు మొహంలో నెత్తురు చుక్క లేదు. మా ఆయన పెద్దగా నవ్వాడు. "జోకులేస్తుందండీ, అలవాటు," అన్నాడు.

ఆవిడ కూడా నవ్వేసింది. "మేమూ పెద్దగా వండుకోం లెండి. బయటినుంచే తెప్పించుకుంటాం. ఏమండీ, భలే ఉంది కదా? ఫొటోల్లో ఎంత బాగా పడుతుందో చూడండి," అని ఫోను తీసింది.

అప్పుడు తెలిసింది నాకు. నేను ఇన్నాళ్ళూ ఈ పిచ్చి చేష్టలకి ఎవడు పడతాడులే అనుకుంటున్నాను. పడేవాళ్ళున్నారు. మా ఆయనలాంటి వాళ్ళు లోకంలో ఆయనొక్కడే కాదు. డాక్టరు ముందుగదిలోకి వెళ్ళి బ్రోకరుతో గుసగుసలాడాడు. బ్రోకరు వచ్చి ఒక ధర చెప్పాడు. అంత ధర వస్తుందని మా ఆయన కూడా అనుకోలేదు, ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఆ అంకె విన్నాక నేను గోడకి ఆనుకున్నాను. ఫోర్‌మన్‌కి, ల్యాబావిడకి ఏం చెప్పాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

"అమ్మా, విన్నావుగా," అన్నాడు మా ఆయన. "సరేనంటే రేపే అడ్వాన్సు."

అత్తయ్య పేపరు మడిచింది.

"అమ్మను," అంది.

"ఏంటీ?"

"ఇల్లు అమ్మను అంటున్నా. లైను సరిగ్గా వినబడ్డం లేదా?"

"అదేంటమ్మా! ఇంత చేసింది అమ్మడానికే కదా?"

"ఇంత చేశాక ఎందుకమ్మాలిరా? మసిగొట్టుకుపోయి ఉన్నప్పుడు అడిగుంటే ఏడ్చి ఇచ్చేసేదాన్ని. ఇప్పుడు బాగుందిగా." ఆవిడ డాక్టరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబూ. ఇలాంటి వంటగది మీకుంటే అమ్ముకుంటారా?"

డాక్టరు వంటగదిని మళ్ళీ ఒకసారి కలియజూశాడు. పాపం, నిజాయితీగల మనిషి. "ఏమోనండీ, అమ్మనేమో," అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక మా ఆయన ముందుగదిలో కూలబడ్డాడు. వాళ్ళమ్మని బతిమాలాడు, అరిచాడు, అన్నం మానేస్తానన్నాడు. అన్నం మానేస్తానన్న మాట మీద మాత్రం సాయంత్రం దాకా కూడా నిలబడలేదు. నేను ఆవిడ పక్కన చేరి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి వదిలించుకోలేదు. నా కోసమే అడ్డం పడిందనుకున్నాను. ఇన్నేళ్ళుగా కిటికీలోంచి నా లైను చూస్తూనే ఉంది, పైకి అనకపోయినా తెలుసుకుందనుకున్నాను. ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

మర్నాడు పొద్దున్నే గుండిగ కడిగి, ఎత్తుకుని లోపలికి నడిచాను. అత్తయ్య స్టూలు వంటగది గుమ్మానికి అడ్డంగా జరిపి ఉంది. ఆవిడ దాని మీద ఉంది.

"అమ్మాయ్, అది ఎక్కడికి?"

"లోపలికే అత్తయ్యా. ఇంక దాచేదేముంది, వండుకోవచ్చుగా."

"మసి పడుతుంది."

"వంటగదండీ ఇది!"

"నాకు తెలీదా?" అంది. ఎప్పుడూ లేనిది, ఆవిడ ఆ రోజు ఎక్కువ మాట్లాడింది. "పెళ్ళయినప్పట్నుంచీ డ్యూటీ దిగి వచ్చి ఆ నల్లగోడల్లోకే దూరేదాన్ని. మా అత్తగారి పొగ, ఆ తర్వాత నా పొగ, ఆ తర్వాత నీ పొగ. నాకు కూర్చోబుద్ధేసిన గది ఈ ఇంట్లో ఇదొక్కటే. అది కూడా ఇప్పటికి దొరికింది. ఇందులో ఒక్క చుక్క నూనె చిమ్మనివ్వను. ఏమీ అనుకోకు."

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. సగమే వచ్చింది. మిగతా సగం ముందుగదిలో వీడియో చూస్తున్న మనిషి మీదికి పోయింది. ఈసారి స్నానాలగది గురించి చూస్తున్నాడు.

గుండిగ బరువుగా ఉంది. దాన్ని అక్కడ దింపాలనిపించలేదు. అలాగే వెనక్కి తిరిగి, గేటు తీసుకుని, సందులోకి నడిచాను. టైర్ల షాపాయన పాత టైర్లు పేర్చుకునే షెడ్డులో ఒక పక్క ఖాళీ ఉంది, కుళాయి ఉంది.

"ఇక్కడ వండుకోవచ్చా అన్నా?" అని అడిగాను.

ఆయన గుండిగ చూశాడు, నన్ను చూశాడు. "టైర్ల వాసనొస్తుందమ్మా," అన్నాడు.

"ఇంట్లో రంగు వాసనొస్తుంది," అన్నాను. ఆయన నవ్వి, టైర్లు దొర్లించి చోటు చేశాడు.

వానలు పడేసరికి షెడ్డు నిండిపోయింది. మానేసినవాళ్ళు తిరిగొచ్చారు, ల్యాబావిడ ఇద్దరు కొత్తవాళ్ళని తీసుకొచ్చింది. నేను పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వస్తున్నాను, ఆఫీసుకి వెళ్ళేవాళ్ళలా. ఇంట్లో వంట లేదు. టీ మాత్రం కరెంటు కెటిల్‌లో పెట్టుకుంటారు, అదీ కిటికీ తెరిచి. అత్తయ్యకి చింత లేదు. ముందురోజు సాయంత్రమే ఫోను చేసి, "రేపటికి ఒకటి," అని పెట్టేస్తుంది. ఫోర్‌మన్ వెళ్తూ వెళ్తూ ఇచ్చి వెళ్తాడు. స్టూలు మీద కూర్చుని తింటుందట.

మా ఆయన మాత్రం పౌరుషానికి పోయాడు. పెళ్ళాం దగ్గర అన్నం అడగడమేంటని కొన్నాళ్ళు బన్నులు తిన్నాడు. చొక్కా వదులైంది.

ఒక రోజు వాన పడుతుండగా మధ్యాహ్నం షెడ్డు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఖాళీ బాక్సు. లైను దాటుకుని నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"ఒక బాక్సు పెట్టు," అన్నాడు.

"ముందురోజు చెప్పాలండీ. చెప్పినవాళ్ళకే వండుతాను."

"నాకు కూడానా?"

"అందరికీ అంతే. మిగిలితే చూస్తాను. వెనక నిలబడండి."

వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ రేకు లేదు, వాన సగం ఆయన మీద పడుతోంది. ముందున్న ల్యాబావిడ మాట కలపాలని అడిగింది.

"మీ ఇల్లు భలే మారిపోయిందట కదా సార్. మంచి ధర పలుకుతుందట."

మా ఆయన మొహం వెలిగింది. నీళ్ళు కారుతున్న జుట్టు వెనక్కి నెట్టుకున్నాడు. "అవునండీ," అన్నాడు, అందరికీ వినబడేలా. "మా వీధిలో ఇప్పుడు మాదే ఎక్కువ."

జాలేస్తుందేమోనని చూసుకున్నాను. వెయ్యలేదు. ఒక్కొక్కళ్ళే బాక్సు నింపుకుని వెళ్ళారు. ఆయన వంతు వచ్చేసరికి గుండిగ అడుక్కి వచ్చేసింది. గరిటె గీరిన చప్పుడు ఆయనకీ వినబడింది.

"అయిపోయిందండీ," అన్నాను.

గుండిగలోకి తొంగి చూశాడు. బాక్సు మూత తీసి పట్టుకునే ఉన్నాడు, అందులో కాసిని వాన నీళ్ళు చేరాయి. వాటిని పారబోశాడు. తర్వాత గొంతు తగ్గించి, అత్తయ్య ఫోనులో అన్నట్టే అన్నాడు.

"రేపటికి ఒకటి."

"రేపటికి ఒకటి," అని, ఎవరు చెప్పినా తిరిగి చెప్పినట్టే పైకి చెప్పి, గుండిగ తోముకోడానికి వంగాను.